తుమ్మినవారికే మాత్రలు

ఖరగ్‌పూర్ మొత్తంలో దొంగ తుమ్ముని చెవితో విని పట్టేయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్ప కాదు, ఉన్న మాట. మా స్టేషన్ ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, ఈ చివర ఒకాయన తుమ్మితే ఆ చివరివాళ్ళు "చిరంజీవ" అనేలోగా ఆయనకి జలుబు తగ్గిపోతుంది. అంత దూరం నుంచి విన్నా సరే, ఆ తుమ్ము ముక్కులోంచి వచ్చిందో, మనసులోంచి వచ్చిందో నేను చెప్పేస్తాను.

ఈ మాట గోల్‌బజార్ టీకొట్టు దగ్గర నలుగురి ముందు సోమవారం అన్నాను. శుక్రవారం మా మావయ్య మందుల కొట్టుకి షట్టరు పడింది. దాని మీద సర్కారువాళ్ళ కాగితం అంటించి ఉంది. విచారణ అయ్యేదాకా కొట్టు తెరవకూడదు, విచారణలో సరైన జవాబు చెప్పకపోతే లైసెన్సు పోతుంది. ఆ కాగితం అక్కడికి రావడానికి కారణం, నేను పట్టలేకపోయిన దొంగ తుమ్ములు.

మా మావయ్య పేరు మల్లికార్జునరావు. ఆయన తండ్రి తుని నుంచి వచ్చి, రైల్వేవాళ్ళకి మందులమ్ముకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. డిగ్రీ అయ్యాక ఏ పోటీపరీక్షా నన్ను లోపలికి రానివ్వకపోవడంతో నేనూ అదే కొట్లో కూర్చున్నాను. ఇల్లు సుభాష్‌పల్లిలో. మావయ్య స్నానం, పూజ ముగించి, మా శేషారత్నం అత్తయ్య పెట్టిన ఇడ్లీ తిని, టోటో, అంటే ఇక్కడి బ్యాటరీ ఆటో, ఎక్కి కొట్టుకి వచ్చేసరికి పది. ఎనిమిదికి కొట్టు తీసేది నేను.

మావయ్యకి భయమంటూ ఉంటే అది బోణీ వేళ తుమ్ము. ఒక్క తుమ్ము అపశకునం, వెంటనే రెండోది పడితే దోషం లేదు. ఇది ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు, మనవాళ్ళందరికీ తెలిసిందే, కానీ ఆయన పాటించినట్టు ఎవరూ పాటించరు. ఒకసారి ఒక బెంగాలీ బాబు బోణీ వేళ కౌంటరు ముందు ఒక్కసారి తుమ్మి ఊరుకున్నాడు. మావయ్య షట్టరు దించేసి, లోపల కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ ఎత్తాడు. ఆ బాబు బయటే నిలబడ్డాడు. భూకంపం అనుకున్నాడట.

ఈ చలికాలం మొదట్లో సర్కారు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ముక్కుదిబ్బడ తగ్గించే ఒక రకం మాత్రల్ని ఎవరో మూటలకొద్దీ కొని, అందులోని సరుకు బయటికి తీసి మత్తుమందు వండుతున్నారట. కాబట్టి ఆ మాత్ర ఇకమీదట డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. మనిషికి ఒక్క రేకు. చీటీ నకలు కొట్లో దాచాలి.

మావయ్య ఆ కాగితాన్ని దేవుడి పటం కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.

"చూడు చక్రీ, చీటీ లేకుండా బ్రహ్మదేవుడొచ్చినా ఇవ్వకు," అన్నాడు.

"ఆయనకి నాలుగు తలలు కదా మావయ్యా. నాలుగు జలుబులుంటాయి. నాలుగు రేకులు ఇవ్వొచ్చా?"

"నీ నోట్లో పురుగుపడ. చీటీ తెమ్మను."

చెప్పడం తేలికే. మా కొట్టుకి వచ్చేవాళ్ళు సగం మంది రైల్వేవాళ్ళు. జలుబు చేసిందని రైల్వే ఆసుపత్రిలో పొద్దున్నే క్యూ కడితే, డాక్టరు దగ్గరికి చేరేసరికి జలుబు పోయి ఎండదెబ్బ తగులుతుంది. మిగతా సగానికి డాక్టరు ఫీజు కన్నా జలుబే చవక. రోజూ పొద్దున్న కౌంటరు ముందు గొడవే.

"జలుబుకి చీటీయా?" అని నన్ను నిలదీసింది ఎవాంజలిన్ టీచరు. ఆవిడ నాకు నాలుగో క్లాసులో లెక్కలు చెప్పింది, ఆ కోపం ఇంకా పోలేదు. "మా నాన్న పోయినప్పుడే డాక్టరు రాలేదురా. ఇప్పుడు నా ముక్కు కోసం వస్తాడా?"

"రూలు టీచర్."

"నాకు జలుబుందో లేదో నీకు కనబడట్లేదూ?"

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఊడిపడింది. "చీటీ లేకపోతే తుమ్మి చూపించొచ్చు టీచర్. రెండుసార్లు. అది కూడా రూల్లో ఉంది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతిసంచి కింద పెట్టి, కళ్ళద్దాలు తీసి, రెండు తుమ్ములు తుమ్మింది. మాత్రలు తీసుకుని, "సర్కారుకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది," అని వెళ్ళిపోయింది.

తప్పు ఆవిడది కాదు. జలుబుకి చీటీ అడిగిన సర్కారు తుమ్ము మాత్రం ఎందుకు అడగదు? మర్నాడు పాత క్యాలెండరు అట్ట వెనక మూడు భాషల్లో రాశాను: "చీటీ లేనివారు కౌంటరు ఎదుట రెండుసార్లు తుమ్మవలెను. తుమ్మినవారికే మాత్రలు. ఉత్తర్వు ప్రకారం." కింద ఒక గుండ్రటి ముద్ర కూడా వేశాను. అది మా దగ్గు మందు సీసా మూత. ఎనిమిదికి తగిలించేవాణ్ణి, మావయ్య టోటో మలుపు తిరగ్గానే తీసి పరదా వెనక దాచేసేవాణ్ణి.

నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఊరు ఊరంతా నా ముందు క్యూలో నిలబడి తుమ్మింది. నేను చెయ్యి చెవికి ఆనించి విని, "ఇది మొహమాటం తుమ్ము, చెల్లదు, ఇంకోటి," అనేవాణ్ణి. పాపం, ఇంకోటి తుమ్మేవాళ్ళు.

అందరిలోకీ నాకు నచ్చినవాడు ఒక మఫ్లరాయన. సన్నగా ఉంటాడు, మాట మెత్తగా ఉంటుంది, దాదా, అంటే అన్నా, అనకుండా నన్ను పిలవడు. అతని తుమ్ము తుమ్ము కాదు, గూడ్సు బండి బఫర్లు గుద్దుకోవడం. అల్మారాలో సీసాలు ఒకదాన్నొకటి పట్టుకునేవి. మొదటిరోజు ఒక్కడే వచ్చాడు. తర్వాత తమ్ముణ్ణి తెచ్చాడు, తర్వాత తమ్ముడి స్నేహితుల్ని. అందరివీ ఒకే బడిలో నేర్చుకున్న తుమ్ములు. కళ్ళల్లో నీళ్ళు, ముక్కు చివర ఎరుపు, ఏదీ తక్కువ కాదు.

"మీ ఇంట్లో అందరికీ ఇలాగేనా?" అన్నాను జాలిగా.

"చెరువు పక్క ఇల్లు దాదా," అన్నాడు. "చెమ్మ."

నేను నమ్మాను. తుమ్ముకి ఒక రేకు చొప్పున ఇచ్చాను. స్టాకు అయిపోతే ఏజెంటుకి మళ్ళీ చెప్పాను. మావయ్య వచ్చి అల్మారా చూసి, "సీజను బాగుందిరా," అనేవాడు. "చీటీలు తీసుకుంటున్నావా?"

"డబ్బాలో వేస్తున్నాను మావయ్యా."

ఆయన ఏనాడూ డబ్బా తియ్యలేదు. అదే ఆయన చేసిన తప్పు. ఆ తప్పు పేరు నేను.

నూకయ్య తాత వచ్చింది ఇలాంటి ఒక పొద్దున్నే. అప్పుడే షట్టరు ఎత్తాను. ఇంకా బోణీ కాలేదు. నూకయ్య తాత రైల్వే వర్క్‌షాపులో చక్రాల షాపులో పనిచేసి రిటైరయ్యాడు. మా మావయ్య తండ్రి ఉన్నప్పటి నుంచీ ఖాతాదారు. ఆ రోజు ముక్కు టమాటాలా ఉంది, కళ్ళు కారుతున్నాయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"సక్రీ బాబూ, ఆ జలుబు మాత్రలు ఓ రేకు ఇయ్యి. బేగి ఇయ్యి."

"చీటీ?"

"సీటీ ఏటి. నా ముక్కు సూడు."

నేను బోర్డు చూపించాను. ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకునే కూడబలుక్కుని మొత్తం చదివాడు.

"తుమ్మాలా?"

"రెండు."

"ఇప్పుడు కాదు. బోణీ అయినాక తుమ్ముతాను."

"బోణీ అయితే మావయ్య వచ్చేస్తాడు తాతా," అనబోయి, "ఉత్తర్వులో అలా లేదు," అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "ఒరే, మా మనవరాలు పెసాంతికి ఈయాల పస్టు డ్యూటీ. ఏఎల్పీ, ఇంజిన్లో అసిస్టెంటు డైవరు. టెరైనింగు అయిపోనాది. తొమ్మిదికి డైవర్ల లాబీలో సైన్ ఆన్. గుంట ఇంజిన్ ఎక్కతంటే నాను ఎదర నిలబడాల. ఈ ముక్కుతో ఎల్లి, అది గడప దాటతంటే తుమ్మేస్తే ఏటైతాది? అందుకే మాత్ర అడుగుతన్నాను. లేకపోతే జలుబుకి నానెప్పుడైనా మాత్ర ఏసినానా?"

"అయితే తుమ్మెయ్ తాతా, పని అయిపోతుంది. ముక్కులో ఉన్నదేగా."

"ఉంది. నాను పట్టుకున్నాను." నిజంగానే పట్టుకున్నాడు. మెడ నరాలు కనబడుతున్నాయి. "ఒకరి కొట్లో బోణీ యేళ తుమ్ముతారేట్రా. మీ మావయ్య మనిసి ఎలాటోడు, నాకు తెల్దా?"

"అందుకే రెండు అన్నారు. రెండైతే దోషం లేదుగా."

"ఒకటి ఒచ్చి, రెండోది రాకపోతే? మీ మావయ్యకి నానేటి సెప్పాల?"

అలాంటి మనిషికి మాత్ర ఇచ్చేస్తే సరిపోయేది. ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఒట్టు. ఇంకాస్త ఏడిపించి, ఇంకో రెండు మాటలనిపించి, అప్పుడు ఇద్దామనుకున్నాను. ఆ రెండు మాటల సందులో మఫ్లరాయన వచ్చాడు. మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. వరసగా నిలబడి, అందరూ చక్కగా, శుద్ధంగా, రెండేసి తుమ్మారు.

నూకయ్య తాత తువ్వాలులోంచే ఒక్కొక్కరికీ "చిరంజీవ" అన్నాడు.

ఉన్న రేకులన్నీ వాళ్ళకి అయిపోయాయి. ఖాళీ డబ్బా తిరగేసి చూపించాను. మఫ్లరాయన వెళుతూ వెళుతూ తాత భుజం తట్టి, "జాగ్రత్త దాదూ, చలి రోజులు," అన్నాడు.

"ఏజెంటు సాయంత్రం తెస్తాడు తాతా," అన్నాను.

"సాయంతరానికి అది టాటానగర్‌లో ఉంటాది," అన్నాడు. కోపం లేదు. రూలుకి కోపం ఎవరి మీద? సైకిలు తీసుకుని, ఎక్కకుండా, నడిపించుకుంటూ వెళ్ళాడు. రోడ్డు దాటి, మా షట్టరు కనబడనంత దూరం వెళ్ళాక తుమ్మాడు. నాకు వినబడింది. ఒక్కటే.

ఆ శుక్రవారం మందుల ఇన్‌స్పెక్టరు వచ్చింది. రాధారాణి మాయితి అని మెడలో కార్డు ఉంది. నలభై ఏళ్ళుంటాయి, నూలు చీర, చేతిలో గొడుగు. వెనక ఒక కానిస్టేబులు. బెంగాలీలో మర్యాదగా చెప్పింది. ఊరి చివర ఒక అద్దె గదిలో పోలీసులకి మాత్రలు పిండేసిన ఖాళీ రేకులు గోనెలకొద్దీ దొరికాయి. వాటి మీది బ్యాచి నంబర్లు మా కొట్టుకి వచ్చిన సరుకువి. అద్దెకున్నవాళ్ళు దొరకలేదు.

"రేకులతో పాటు ముక్కుపొడుం డబ్బాలు కూడా దొరికాయి," అంది. "అవెందుకో మాకు అర్థం కాలేదు."

మా కొట్లో ఉన్న నలుగురిలో అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. కౌంటరు పట్టుకుని నిలబడ్డాను.

"చీటీల నకళ్ళు చూపించండి," అంది.

మావయ్య ధీమాగా నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "తియ్యరా చక్రీ, డబ్బా."

డబ్బాలో ఒక రబ్బరుబ్యాండు, సగం తిన్న బిస్కెట్టు ఉన్నాయి.

"ఎలుకలు తినేశాయి," అన్నాను బెంగాలీలో.

"అన్నీనా?"

"పెద్ద ఎలుకలు మేడమ్. వర్క్‌షాపు నుంచి వస్తాయి. ఇనుము తిని పెరిగినవి."

ఆవిడ వంగి కౌంటరు కింద టార్చి వేసి చూసింది. "పెంటికలు లేవే."

"పద్ధతి గల ఎలుకలు మేడమ్."

కానిస్టేబులు దగ్గాడు. ఆవిడ నవ్వలేదు. మావయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. నేను ఆయన చెవిలో తెలుగులో అన్నాను. "కంగారుపడకు మావయ్యా. మెతక మనిషిలా ఉంది. సర్దుకుంటుంది."

ఆవిడ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, కాగితం రాసి, షట్టరుకి అంటించింది. "కౌంటరులో ఎవరున్నా నాకు కనబడేది లైసెన్సు మీద ఉన్న పేరే," అంది మావయ్యతో. "మీరు లేకుండా కొట్టు తెరవడమే తప్పు. పైగా ఇది. బుధవారం మేదినీపూర్ ఆఫీసుకి రండి. చెప్పుకునేది ఉంటే చెప్పుకోండి. సాక్షి ఉంటే తీసుకురండి."

నాలుగు రోజులు మావయ్య తిరగని చోటు లేదు. మందుల కొట్లవాళ్ళ సంఘానికి వెళితే, సెక్రటరీ టీ ఇప్పించి, "మత్తుమందు కేసు రావుగారూ, మేమెవరం మాట్లాడితే మా కొట్టుకొస్తారు," అన్నాడు. పాత తారీఖులు వేసి నాలుగు చీటీలు రాసివ్వమని తెలిసిన డాక్టరుని అడగబోయి, గుమ్మం దాకా వెళ్ళి, అడగలేక, బీపీ చూపించుకుని వచ్చేశాడు. అత్తయ్య ఎలుకల బోను కొని తెచ్చి కొట్టు తాళంచెవుల పక్కన పెట్టింది. రాత్రి అన్నం తింటూ మావయ్య ఒకే మాట అనేవాడు. "మావాడు చీటీ లేకుండా ఇవ్వడు. ఆ సంగతి వాళ్ళకెలా చెప్పను?"

నేను చెప్పొచ్చు. ప్రతి ముద్దకీ చెబుదామనుకున్నాను. ప్రతి ముద్దా మింగేశాక, దాంతోపాటు అదీ కడుపులోకి పోయేది. చెబితే కొట్టు తిరిగొస్తుందా అంటే రాదు. చెప్పకపోయినా రాదు. రెండువైపులా గోడే ఉన్నప్పుడు మనిషి గోడకి ఆనుకుని నిలబడతాడు. నేనూ అలాగే నిలబడ్డాను.

మంగళవారం సాయంత్రం మావయ్య ముఖం కాస్త తేటపడి ఇంటికొచ్చాడు.

"సాక్షి దొరికాడు. నూకయ్య. అడగ్గానే ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేని మనిషి. మన కొట్టు గురించి ఆయన చెప్పినంత బాగా ఎవరు చెబుతారు?"

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాను.

మర్నాడు మేదినీపూర్ లోకల్లో మావయ్య కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నాడు. నూకయ్య తాత, నేను ఎదురు సీట్లో. తాతకి జలుబు ఇంకా పోలేదు. ఉతికిన తెల్ల చొక్కా, మెడలో అదే తువ్వాలు.

"ప్రశాంతి డ్యూటీ ఎలా అయింది తాతా?" అన్నాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"బాగైనాది. టాటా ఎల్లొచ్చినాది." చొక్కా బొత్తం సర్దుకున్నాడు. "నానెల్లలేదు. ఇంటికాడా ఉండలేదు. అది గడప దాటీ యేళ నాకు తుమ్మొస్తే? అందుకని ముందే బయటికొచ్చేసినాను. ఓవర్‌బిరిడ్జి మీద నిలబడ్డాను. అక్కణ్ణుంచి తుమ్మినా ఇంజిన్‌కి తగల్దు కదా. బండి కిందనించి ఎల్లినాది. దాని సెయ్యి కనబడ్డాది. అదే అనుకుంటాను. నీలం సొక్కా."

"అది నిన్ను చూసిందా?"

"ఎలా సూస్తాది. సిగ్నల్ సూస్కోవాలి కదా." తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "ఇంటికొచ్చి అడిగినాది, తాతా ఎందుకు రాలేదు అని. నీలవేణి, మా కోడలు, అది కూడా అడిగినాది. ఏటి సెప్తాను. పనుందన్నాను."

బండి కంసావతి వంతెన ఎక్కింది. చప్పుడు పెద్దదైంది. ఆ చప్పుడులో చెప్పేస్తే మావయ్యకి వినబడదు, తాతకి వినబడుతుంది అని లెక్క వేశాను. వంతెన అయిపోయింది. అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. నాకొచ్చే ఆలోచనలు ఎప్పుడూ ఇలాంటివే.

"తాతా, ఆఫీసులో నువ్వు హిందీ, బెంగాలీ కష్టపడి మాట్లాడొద్దు. సర్కారు ముందు మాట తడబడితే తప్పుగా రాసేసుకుంటారు. నువ్వు హాయిగా తెలుగులో చెప్పు. నేను బెంగాలీలో చెబుతాను."

"మంచిదే బాబూ," అన్నాడు. "నువ్వు సదువుకున్నోడివి."

ఆఫీసు చిన్న గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, దుమ్ము పట్టిన ఫ్యాను. రాధారాణి మేడమ్ మావయ్యకి కుర్చీ చూపించింది. మావయ్య కూర్చోలేదు. లైసెన్సు ఫ్రేము కట్టించినది గోడ మీంచి తీసి సంచిలో పెట్టుకొచ్చాడు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"మీ సాక్షి ఏం చెబుతాడు?"

నూకయ్య తాత దణ్ణం పెట్టి మొదలుపెట్టాడు. "అమ్మా, ఈ రావుగారి కొట్టు శానా నిక్కచ్చైన కొట్టు. తుమ్మకపోతే మాత్ర ఇవ్వరు. నాకే ఇవ్వలేదు."

నేను బెంగాలీలో అన్నాను. "చాలా నిక్కచ్చైన కొట్టంటున్నాడు మేడమ్. చీటీ లేకపోతే మాత్ర ఇవ్వరట. ఆయనకే ఇవ్వలేదట."

మావయ్య తల నా వైపు తిరిగింది. ఆయనకి రెండు భాషలూ వచ్చు. ఈ సంగతి నా పథకంలో నేను లెక్కలోకి తీసుకోలేదు.

"మూడు బాసల్లో బోర్డెట్టినారమ్మా," అన్నాడు తాత ఉత్సాహంగా. "కింద సర్కారు సీలు కూడా ఉంది. రెండు తుమ్మాలని. అందరూ తుమ్మినారు. నా కళ్ళెదరే నలుగురైదుగురు తుమ్మి పట్టుకెల్లినారు."

"నిబంధనలు మూడు భాషల్లో రాసి పెట్టారట మేడమ్. అందరూ వాటిని పాటించడం ఆయన కళ్ళారా చూశాడట."

"చక్రీ," అన్నాడు మావయ్య. "ఒరేయ్, ఆయన ఏదో తుమ్ములంటున్నాడేంట్రా?"

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. పెద్దవాళ్ళ కాలు తొక్కడం తప్పే. ఆయన ఆగిపోయాడు. నోరు విప్పితే కొట్టు పోతుంది, విప్పకపోతే అబద్ధం నిలబడుతుంది. ఫ్రేముని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, అద్దంలో కనబడుతున్న తన మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు.

రాధారాణి మేడమ్ రాసుకోవడం ఆపింది. కలం మూత పెట్టింది. తాత వైపు తిరిగి, శ్రీకాకుళం సంతలో బేరమాడినంత తేలిగ్గా అడిగింది.

"మరి నువ్వెందుకు తుమ్మలేదు, తాతా?"

తర్జుమా చెయ్యడానికి తెరిచిన నోరు మూసుకున్నాను.

"అమ్మా, నీకు తెలుగొచ్చా?" అన్నాడు తాత మురిసిపోతూ.

"మా నాన్నది రైల్వేయే. పక్క కోటర్లో సీకాకుళం వోళ్ళు. ఆళ్ళింట్లోనే తిని పెరిగినాను." తర్వాత నా వైపు చూసింది. "నాను మెతక మనిసినే బాబూ. కాయితమే మెతక కాదు."

తాత ఆవిడకి అంతా చెప్పాడు. బోణీ వేళ అని, రెండోది రాకపోతే రావుగారికి ఏం చెప్పాలని, ప్రశాంతి డ్యూటీ, ఓవర్‌బ్రిడ్జి, నీలం చొక్కా. మా కొట్టుని కాపాడుతున్నానన్న ధీమాతో, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. చివర, "అంత కట్టుదిట్టమైన కొట్టమ్మా, తప్పు జరగదు," అన్నాడు.

"తుమ్మినోళ్ళకి మాత్రలియ్యమని నాను ఏ కాయితంలోనూ రాయలేదు తాతా," అంది ఆవిడ మెల్లిగా. "ఆ ముక్కుపొడుం డబ్బాలెందుకో ఇప్పుడు తెలిసినాది."

తాతకి అర్థం కాలేదు. మావయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. తప్పేమన్నానని అడగబోయి నోరు తెరిచాడు. అప్పుడొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన పట్టుకుని తిరిగిన తుమ్ము. తువ్వాలు ఎత్తేలోగా వచ్చేసింది.

ఒక్కటి.

మావయ్య కదల్లేదు. తాత ముక్కు పట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండోదాని కోసం చూస్తున్నాడు. ఆవిడ కలం మూత తీసి, కాగితం మీద ఆనించకుండా పట్టుకుంది. పక్క కోటర్లో తిని పెరిగిన మనిషి కదా, ఆవిడా ఆగింది. అందరం ఆగాం. గోడ గడియారం కింద ఒక బల్లి కూడా ఆగింది.

రెండోది రాలేదు.

"బాబుగారూ," అన్నాడు తాత మావయ్యతో. ఏడుస్తున్నట్టే ఉంది గొంతు. "ఆపుకోలేకపోనాను."

మావయ్య ఫ్రేముని బల్ల మీద పెట్టాడు. పెట్టి, మొట్టమొదటిసారి నా మొహంలోకి చూశాడు. తిట్టడానికి కాదు. నేను ఏదో ఒకటి చెబుతానని, చెబితే నమ్మడానికి సిద్ధంగా చూశాడు. ఎలుకలని ఇంకోసారి అన్నా నమ్మేలా ఉన్నాడు.

"ఎలుకలు లేవు మావయ్యా," అన్నాను. "చీటీలూ లేవు. ఒక్కటి కూడా తీసుకోలేదు. ఆ బోర్డు నేనే రాశాను. ముద్ర దగ్గు మందు మూతతో వేశాను. నువ్వొస్తున్నావంటే పరదా వెనక దాచేవాణ్ణి. రోజూ వచ్చి తుమ్మినవాళ్ళకి రోజూ ఇచ్చాను. నవ్వొచ్చేది, అందుకని ఇచ్చాను. నిజంగా జలుబు చేసినవాడు వస్తే, తుమ్మలేదని పంపేశాను."

మేడమ్ రాసుకుంటోంది.

"తెలుగులోనే చెప్పాను," అన్నాను ఆవిడతో. "బెంగాలీలో కూడా చెప్పమంటారా?"

"అక్కర్లేదు," అంది తలెత్తకుండా. "అర్థమైనాది."